‘మనం’లో మరుగుపడిన ‘మేము’: వృత్తి ఆరోగ్య హెచ్చరికల భాష - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కర్మాగారాల గోడలపైన, క్వారీల ముఖద్వారాల వద్ద, పురుగుమందు సీసాల చీటీలపైన కనిపించే ఆరోగ్య హెచ్చరికలు శ్రామికులు నిత్యం ఎదుర్కొనే తెలుగు వచనం. ఇవి కార్మికుణ్ణి ఒప్పించగలుగుతున్నాయా, లేకపోతే లోపం ఎక్కడ ఉంది అనే ప్రశ్నను భాషాదృష్టితోను, అలంకారశాస్త్ర దృష్టితోను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆలంకారికులు చెప్పిన ప్రభుసమ్మిత, సుహృత్సమ్మిత, కాంతాసమ్మిత విభజనను పరికరంగా తీసుకుని రాతిపని, పురుగుమందుల పిచికారీ, బీడీల తయారీ అనే మూడు పనులకు సంబంధించిన హెచ్చరికల తీరును ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. యాజమాన్యం తన బాధ్యతను తాను చెప్పుకునే ‘మేము’ అనే కర్త లోపించడమే ఈ భాష ఒప్పించలేకపోవడానికి ప్రధాన కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వృత్తి ఆరోగ్యం, హెచ్చరిక, ప్రభుసమ్మితం, సుహృత్సమ్మితం, విధ్యర్థకం, సిలికోసిస్, పురుగుమందు, బీడీ కార్మికులు.

1. ఉపోద్ఘాతం:

పనిలో ఎదురయ్యే ముప్పు ప్రధానంగా రెండు విధాలు. యంత్రంలో చేయి పడటం, ఎత్తునుంచి జారిపడటం వంటివి కళ్ళముందు జరుగుతాయి. ఒకసారి చూసినవారికి వాటి గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. రెండవది ఆరోగ్యానికి నెమ్మదిగా కలిగే హాని. రాతి దుమ్ము పీల్చినవాడు ఆ సాయంత్రం మామూలుగానే ఇంటికి వెళ్తాడు, మరునాడు మామూలుగానే పనికి వస్తాడు. జబ్బు బయటపడేసరికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడచిపోవచ్చు. కారణానికీ కార్యానికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు అనుభవం ఏమీ నేర్పదు. ఆ దూరాన్ని దాటించగలిగేది మాట ఒక్కటే. కనుక వృత్తి ఆరోగ్యంలో భాష కూడా ఒక రక్షణ సాధనమే. అది పనిచేయకపోతే జరిగే నష్టం మనిషి ఊపిరికి సంబంధించినది.

కార్మిక జీవితాన్ని చిత్రించిన కథ, నవల, కవిత మన విమర్శకు పరిచితమైన వస్తువులు. కార్మికుణ్ణి ఉద్దేశించి రాసిన వచనం మాత్రం విమర్శ పరిధిలోకి అరుదుగానే వచ్చింది. ఒక రచన ఎవరిని ఉద్దేశించింది, ఎవరి గొంతుతో మాట్లాడుతోంది, దేన్ని చెప్పకుండా విడిచిపెట్టింది అని అడగడం విమర్శకు అలవాటైన పని. అవే ప్రశ్నలను ఒక హెచ్చరిక బోర్డును కూడా అడగవచ్చు.

2. పరిశీలనకు పరికరం - మూడు సమ్మితాలు:

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో కావ్య ప్రయోజనాలను చెబుతూ ఉపదేశ విధానాలను మూడుగా విభజించాడు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానానికి చెందిన విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో ఈ విభజననే గ్రహించాడు. వేదం ప్రభువులాగా ఆజ్ఞాపిస్తుంది. అక్కడ శబ్దానిదే ప్రాధాన్యం, అక్షరం మారకూడదు, కారణం అడగకూడదు. పురాణేతిహాసాలు స్నేహితుడిలాగా నచ్చజెబుతాయి. ఇలా చేసినవాడికి ఇలా జరిగింది, ఆలోచించుకో అంటాయి. అక్కడ అర్థానిది ప్రాధాన్యం. కావ్యం ప్రియురాలిలాగా మనసును కరిగించి తనవైపు తిప్పుకుంటుంది. అక్కడ రసానిది ప్రాధాన్యం.

కాంత అనే ఉపమానంలో ఆనాటి సమాజపు స్త్రీ భావన ఉంది. దాన్ని పక్కన పెట్టినా ఈ విభజనలోని మూల సూత్రం నేటికీ ఉపయోగపడుతుంది. ఒక మాట ఒప్పించే శక్తి, చెప్పేవారికీ వినేవారికీ మధ్యగల సంబంధం మీద ఆధారపడి ఉంటుందని దాని సారాంశం. ప్రభువు మాటకు అధికారం బలం. మిత్రుడి మాటకు విశ్వాసం బలం. అధికారం ఉన్నచోట పని జరుగుతుంది, కానీ అధికారి కళ్ళు పక్కకు తిరగ్గానే ఆగిపోతుంది. తనిఖీ రోజున ముఖాలకు ఎక్కిన మాస్కులు మరునాటికి మెడల్లోకి దిగిపోవడంలోని రహస్యం ఇదే.

3. బోర్డుల వ్యాకరణం:

తెలుగు భద్రతా సూచనలలో ఎక్కువగా కనిపించే క్రియారూపాలు విధ్యర్థకాలు, నిషేధార్థకాలు: ‘ధరించవలెను’, ‘పాటించాలి’, ‘ప్రవేశించరాదు’, ‘వాడరాదు’. ఈ వాక్యాలలో కర్త ఉండడు. ఎవరు ధరించాలో సందర్భాన్నిబట్టి తెలుస్తుంది. ఎవరు చెబుతున్నారో మాత్రం ఎక్కడా తెలియదు. గోడే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎందుకు ధరించాలో చెప్పే హేత్వర్థక వాక్యం సాధారణంగా జత కాదు. ఇది అచ్చంగా ప్రభుసమ్మితం.

రెండవ రకం నినాదం. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఏటా ఆ రోజున జాతీయ భద్రతా దినోత్సవం జరుపుతారు. ఆ సందర్భంలో పరిశ్రమల్లో నినాదాల పోటీలు పెట్టడం పరిపాటి. ‘భద్రత మనందరి బాధ్యత’ అనే ధోరణిలో సాగే నినాదాలు అందరికీ తెలిసినవే. అంత్యప్రాసతో, తూగుతో ఇవి చెవికి ఇంపుగానే ఉంటాయి. వీటిలోని ‘మనం’ అనే సర్వనామాన్ని కొంత నిలిచి చూడాలి.

ఉత్తమ పురుష బహువచనంలో తెలుగుకు రెండు రూపాలున్నాయి. వినేవాణ్ణి కలుపుకున్నది ‘మనం’, కలుపుకోనిది ‘మేము’. ఈ భేదం లేని భాషల్లో ఒకే సర్వనామం రెండు పనులూ చేస్తుంది. తెలుగులో మాట్లాడేవాడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అందువల్ల ఆ ఎంపికకు అర్థం ఉంటుంది. యాజమాన్యం పెట్టిన బోర్డు మీద ‘మన బాధ్యత’ అని ఉన్నప్పుడు, దుమ్మును పీల్చే యంత్రం కొనగలిగినవాడికీ, ఆ దుమ్ము మధ్య నిలబడి పనిచేసేవాడికీ బాధ్యత సమానంగా పంచినట్టవుతుంది. కొనగలిగినవాడు చేయవలసిన పని ‘మనం’లో కలిసిపోతుంది. ‘ఈ యంత్రానికి మేము నీటిధార అమర్చాం’, ‘గాలిలో దుమ్ము ఎంత ఉందో మేము కొలిపించాం’ వంటి వాక్యాలు బోర్డుల మీద సాధారణంగా కనిపించవు. ఈ భాషలో లోపించిన కర్త ‘మేము’.

వృత్తి ఆరోగ్య శాస్త్రం ప్రమాద నివారణ చర్యలకు ఒక వరస చెబుతుంది. మొదట ప్రమాదకర పదార్థాన్ని పూర్తిగా తొలగించాలి. వీలుకాకపోతే తక్కువ హాని చేసే దాన్ని వాడాలి. తరువాత నీటిధార, గాలిని లాగే గొట్టాలు వంటి యాంత్రిక ఏర్పాట్లు చేయాలి. ఆపైన పనివేళల్లో, పని పద్ధతిలో మార్పులు తేవాలి. మాస్కు, చేతితొడుగులు ఈ వరసలో చిట్టచివరివి. బోర్డుల భాష ఈ వరసను తలకిందులు చేస్తుంది. శాస్త్రం చివరన ఉంచిన మాస్కు బోర్డు మీద మొదటిదవుతుంది, చాలాచోట్ల ఒక్కటే అవుతుంది. మాస్కు ధరించవలసినవాడు కార్మికుడు. దానికంటే ముందున్న చర్యలన్నీ ప్రధానంగా యాజమాన్యం చేయవలసినవి. విధ్యర్థక వాక్యం తొలి నాలుగు మెట్లను మౌనంగా దాటేసి, అయిదవ మెట్టు మీద నిలబడి కార్మికుణ్ణి మందలిస్తుంది. ఆ మందలింపులోని అసమానతను కార్మికుడు వ్యాకరణ పరిభాషలో చెప్పకపోవచ్చు. కానీ గ్రహిస్తాడు. అతని నిర్లక్ష్యంగా మనం భావించేది చాలాసార్లు ఈ గ్రహింపే.

4. ‘మందు’ - పేరులోనే మరుగుపడిన విషం:

హెచ్చరిక వినబడకముందే భాష కొంత పని చేసి ఉంటుంది. పంటను తినే పురుగును చంపే రసాయనాన్ని తెలుగులో ‘పురుగుమందు’ అంటాం. వాడుకలో అది ‘మందు’గానే మిగిలింది. ‘పత్తికి మందు కొట్టాలి’, ‘మిరపకు రెండో మందు పడింది’ అనేవి వరంగల్లు, గుంటూరు ప్రాంతాల సేద్యగాళ్ళ నోట సహజమైన వాక్యాలు. జబ్బును నయం చేసే ఔషధానికీ ఆ పేరే. పంట దృష్టితో చూస్తే ఈ లక్షణార్థం సమంజసమే, ఎందుకంటే మొక్కకు అది చికిత్స. పిచికారీ చేసే కూలీ దృష్టితో చూస్తే అదే ద్రవం విషం. వాచకం మొక్క పక్షాన నిలిచి మనిషి పక్షాన్ని మరుగుపరిచింది. రూఢమైన పదాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. కానీ హెచ్చరిక రాసేవారు ఈ రూఢిని ఎరిగి, ‘మొక్కకు మందు, మనిషికి విషం’ అని విడమరచి చెప్పవలసి ఉంటుంది. ‘విషపూరిత రసాయనాల పట్ల తగు జాగ్రత్తలు వహించవలెను’ అన్న వాక్యం చదివిన కూలీకి అది తన భుజాన ఉన్న ‘మందు’ గురించే అని స్ఫురించకపోవచ్చు.

1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమావళి ప్రకారం సీసా మీద విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. అత్యంత తీవ్రమైనదానికి ఎరుపు, ఆ తరువాతి స్థాయికి పసుపు, మధ్యస్థానికి నీలం, స్వల్పానికి ఆకుపచ్చ. ఇది సంకేతాల భాష. సంకేతం చదువరి మనసులో ముందే ఉన్న అర్థాలతో కలిసి పలుకుతుంది. బజారులో ఆకుపచ్చ అంటే ‘వెళ్ళవచ్చు’, తినుబండారం పొట్లం మీద ఆకుపచ్చ చుక్క అంటే శాకాహారం. సీసా మీద అదే రంగు ‘కొంచెం విషం’ అని చెప్పవలసి వచ్చింది. నీలానికి మన వాడుకలో ప్రమాదమనే అర్థమే లేదు. పైగా ఈ రంగులు ప్రయోగశాల జంతువుల మీద తేల్చిన తక్షణ విష తీవ్రతను సూచించేవి. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఒంటికి పడితే ఏమవుతుందన్నది వాటి పరిధిలో లేదు.

ఆ నియమావళి ప్రకారం సీసాతోపాటు ప్రాంతీయ భాషలో కూడా వివరాల చీటీ ఉండాలి. చీటీ ఉన్న పెట్టె రైతు ఇంట్లో విప్పుతారు. పిచికారీ చేసే కూలీకి అందేది కలిపిన ద్రవం నింపిన ట్యాంకు. పాఠం ఒకరి చేతిలో, ప్రమాదం మరొకరి వీపు మీద ఉంటాయి. ఇక లక్షణాల సంగతి. ఆర్గానోఫాస్ఫేటు వర్గపు మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరి నరాల పనితీరును దెబ్బతీస్తాయి. తలనొప్పి, వాంతులు, విపరీతమైన చెమట, నోట నీరూరడం, కంటిపాప చిన్నదై చూపు మసకబారడం దాని గుర్తులు. ఎండలో పనిచేసే మనిషికి మొదటి మూడూ కనిపించగానే మన నోట వచ్చే మాట ‘ఎండదెబ్బ’. పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది. కనుక ఇక్కడ హెచ్చరిక చేయవలసిన పని జాగ్రత్తను బోధించడం మాత్రమే కాదు, ఎండదెబ్బకూ విషానికీ తేడా చెప్పడం కూడా. ‘చెమటతోపాటు నోట నీళ్ళూరుతుంటే, చూపు మసకబారితే అది ఎండదెబ్బ అనుకుని ఊరుకోవద్దు. సీసా వెంటబెట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి’ అన్న రెండు వాక్యాలకు ఒక ప్రాణాన్ని నిలబెట్టే శక్తి ఉంది.

5. కనబడని దుమ్ము, కనబడని శ్రోత:

గ్రానైటు, ఇసుకరాయి వంటి రాళ్ళలో సిలికా ఉంటుంది. కోసినప్పుడు, తొలిచినప్పుడు, పొడి చేసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది ముక్కులో, గొంతులో చిక్కుకుని చాలామేరకు బయటికి వస్తుంది. ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్ళేది కంటికి కనబడని సన్నదుమ్ము. అది అక్కడ చేసే మచ్చను మాన్పే చికిత్స లేదు. పని మానేసిన తరువాత కూడా సిలికోసిస్ ముదరవచ్చు. ఆ జబ్బు ఉన్నవారికి క్షయ సోకే అవకాశం హెచ్చు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ కనిపిస్తాయి కనుక సిలికోసిస్‌ను క్షయగా పొరబడటం తరచు జరుగుతుంది.

ఈ విషయంలో బోర్డు ఎదుర్కొనే కష్టం ప్రత్యక్ష ప్రమాణానికి సంబంధించినది. కార్మికుడు తన కళ్ళను నమ్ముతాడు. దుమ్ము కనిపిస్తే తువాలు ముక్కుకు కట్టుకుంటాడు, కనిపించకపోతే విప్పేస్తాడు. ప్రమాదం దీనికి భిన్నంగా ఉంటుంది. పైగా తువాలు ఈ సన్నదుమ్మును ఆపలేదు. కంటి సాక్ష్యానికి ఎదురు చెప్పవలసిన చోట ఆజ్ఞ పనికిరాదు. అనుమానంతో ఒప్పించాలి. ఉదయపు ఏటవాలు ఎండ కిటికీలోంచి పడినప్పుడు అంతదాకా కనబడని నలకలు ఆ వెలుగులో తేలడం అందరూ చూసినదే. అవి అప్పటిదాకా గదిలో లేకపోలేదు, వెలుగు పడక కనబడలేదు. ఇటువంటి దృష్టాంతం సుహృత్సమ్మితానికి ప్రాణం.

శ్రోత ఎవరన్న ప్రశ్నకు బీడీ పరిశ్రమ మంచి ఉదాహరణ. బీడీకట్ట మీద చట్టప్రకారం బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక ఉంటుంది. అది తాగేవాణ్ణి ఉద్దేశించినది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో చాటను ఒడిలో పెట్టుకుని తునికాకులో తంబాకు నింపి చుట్టే స్త్రీ రోజంతా ఆ పొగాకు ధూళిని పీలుస్తుంది. చేతివేళ్ళ చర్మం గుండా నికోటిన్ ఆమె ఒంట్లోకి చేరుతుంది. ఆమె ఒడిలోని చాట మీద ఏ హెచ్చరికా లేదు. ఆమె పనిచోటు ఇల్లే, కనుక బోర్డు పెట్టే గోడ కూడా లేదు. సరుకు కొనేవాడు చదువరిగా గుర్తింపు పొందాడు. సరుకు తయారుచేసే ఆమె ఆ గుర్తింపు పొందలేదు. వెయ్యి బీడీల లెక్కన కూలి అందే ఆమెకు ‘గంటగంటకూ చేతులు కడుక్కోవలెను’ అని చెబితే, ఆ కడుక్కునే సమయానికి కూలి ఎవరిస్తారన్నది ఆమె మొదటి ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు లేని హెచ్చరిక ఆమె దృష్టిలో అర్ధోక్తి మాత్రమే.

6. భయం - దాని హద్దు:

ఒప్పించలేకపోతున్నామని గ్రహించినప్పుడు ప్రచారకులు సాధారణంగా ఆశ్రయించేది భయాన్ని. పాడైన ఊపిరితిత్తుల చిత్రాలు, ఏడుస్తున్న కుటుంబం బొమ్మలు ఈ కోవలోవి. ‘నీ కోసం నీ బిడ్డ ఎదురుచూస్తోంది’ అనే ధోరణి వాక్యాలు పైకి కాంతాసమ్మితంలా కనిపిస్తాయి. కానీ బిడ్డను తలచుకున్న తండ్రి చేయగలిగిన పని ఏమిటో అవి చెప్పవు.

ప్రసార శాస్త్రజ్ఞురాలు కిమ్ విట్టే 1992లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం భయం కలిగినప్పుడు మనిషి రెండు దారుల్లో ఒకటి పడతాడు. తప్పించుకునే మార్గం ఉంది, అది తన చేతిలో ఉంది అని నమ్మితే ప్రమాదాన్ని అదుపు చేయజూస్తాడు. మార్గం లేదనిపిస్తే భయాన్నే అదుపు చేసుకుంటాడు. వినడం మానేస్తాడు, నవ్వి తోసేస్తాడు, ‘రాసిపెట్టి ఉంటే అవుతుంది’ అంటాడు. రసశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, భయం అనే స్థాయిభావం భయానక రసంగా ఆస్వాద్యం కావడానికి సామాజికుడు నాటకానికి ఆవల సురక్షితంగా ఉండాలి. కార్మికుడు ప్రేక్షకుడు కాడు, పాత్రే. అతనిలో భయం రసంగా పరిణమించదు, భయంగానే ఉండిపోతుంది. కాబట్టి భయాన్ని ఎంత చెబితే ఉపాయాన్ని అంతకు తగ్గకుండా చెప్పడం ఇక్కడ ఔచిత్యం.

7. తోటివాడి మాట:

‘ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నాను, నాకేమైంది?’ అన్నది పనిచోట్ల బలంగా వినిపించే ప్రతివాదం. దీన్ని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. నిజానికి ఇది అనుభవం మీద ఆధారపడిన వాదమే. దానిలోని దోషం వేరు. జబ్బుపడినవాడు పనికి రావడం మానేస్తాడు. మిగిలినవాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. అందువల్ల పనిచోటు ఎప్పుడూ తన గురించి తాను మంచి సాక్ష్యమే ఇస్తుంది. దీనికి తోటివాడు చెప్పగల జవాబు ఒక్కటే: ‘అన్నా, నీతోపాటు పనిలో చేరినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు? రానివాళ్ళు ఎందుకు రావడం లేదు?’ ఈ ప్రశ్న అడగగలిగేది ఆ మనుషులను ఎరిగినవాడే. ఏ బోర్డూ దాన్ని అడగలేదు.

సహచరుడి మాటకు మర్యాద హద్దులూ ఉన్నాయి. వయసులో చిన్నవాడు పెద్ద మేస్త్రీతో ‘మాస్కు పెట్టుకో’ అనలేడు. ‘పెట్టుకోండి’ అన్నా అది తప్పుపట్టినట్టే ధ్వనిస్తుంది. ‘అన్నా, గాలి ఎదురొస్తోంది, మనం అటు నుంచి కొట్టుకుంటూ వద్దామా?’ అన్నప్పుడు జబ్బు ప్రస్తావన లేదు, నింద లేదు, ఉపాయం ఉంది. ఈ వాక్యంలోనూ ‘మనం’ ఉంది. నినాదంలో బాధ్యతను కప్పిపుచ్చిన సర్వనామమే ఇక్కడ నిజం పలుకుతోంది, ఎందుకంటే చెప్పేవాడూ వినేవాడూ పీల్చే గాలి ఒకటే. ముప్పును సమానంగా పంచుకున్నవారి నోట ‘మనం’ సత్యం. పంచుకోనివారు నిజాయితీగా వాడగలిగినది ‘మేము’.

చట్టం కోరేదీ ఇదే. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారాల చట్టానికి చేసిన సవరణల్లో, ప్రమాదకర ప్రక్రియలు ఉన్న కర్మాగారాల యాజమాన్యం ఆరోగ్య ప్రమాదాలను, వాటి నివారణ చర్యలను కార్మికులకు వెల్లడించి తీరాలని 41బి సెక్షను చెప్పింది. తన ఆరోగ్య భద్రతకు సంబంధించిన సమాచారాన్ని అడిగి పొందే హక్కును 111ఎ సెక్షను కార్మికుడికి ఇచ్చింది. నోటీసులు అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 108వ సెక్షను అంతకుముందు నుంచే చెబుతూ వచ్చింది. సమాచారం హక్కు అయినప్పుడు హెచ్చరిక ఆజ్ఞారూపంలో కాక, చెల్లించవలసిన బాకీగా ఉండాలి.

పై విశ్లేషణను అనుసరించి రాతి కోత యూనిట్ కోసం ఈ వ్యాసకర్త కూర్చిన నమూనా ఇది:

‘రాయి కోసేటప్పుడు లేచే సన్నదుమ్ము కంటికి కనబడదు. అది ఊపిరితిత్తుల్లో చేసే మచ్చ మానదు. అందుకే ఈ రంపానికి నీటిధార పెట్టాం. నీళ్ళు రాకపోతే పని ఆపండి. ఆగిన సమయానికీ కూలి ఇస్తాం. ఏడాదికొకసారి మా ఖర్చుతో ఛాతీ పరీక్ష చేయించి, రిపోర్టు మీ చేతికే ఇస్తాం.’

ఈ నోటీసులో ప్రాస లేదు, గ్రాంథిక పదం లేదు. కారణం ఉంది, ఉపాయం ఉంది, కర్త ఉన్నాడు. ఇంకొక విశేషం కూడా ఉంది. నీటిధార పెట్టనివారు, కూలి ఇవ్వనివారు ఈ నోటీసును గోడకు తగిలించలేరు. తగిలిస్తే ఆ రోజే అబద్ధమని తేలుతుంది. ‘మాస్కు ధరించవలెను’ అన్న వాక్యాన్ని మాత్రం ఏమీ చేయకుండానే తగిలించవచ్చు. హెచ్చరిక భాషలోని పేదరికం చాలాచోట్ల రచనాశక్తి లోపం వల్ల వచ్చింది కాదు. చెప్పడానికి చేసిన పని లేకపోవడం వల్ల వచ్చింది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెలుగు వృత్తి ఆరోగ్య హెచ్చరికలలో ప్రభుసమ్మిత ధోరణి ప్రబలంగా ఉంది. తక్షణ ప్రమాదాన్ని ఆపవలసినచోట క్లుప్తమైన ఆజ్ఞ అవసరమే. ఏళ్ళమీద బయటపడే జబ్బుల విషయంలో కారణం చెప్పని ఆజ్ఞ నిలవదు.

2. కర్త లేని విధ్యర్థకం, అందరినీ కలుపుకునే ‘మనం’ - ఈ రెండూ యాజమాన్య బాధ్యతను కనుమరుగు చేస్తున్నాయి.

3. ‘మందు’, ‘ఎండదెబ్బ’ వంటి రూఢ పదాలను, రంగుల వంటి సంకేతాలను లెక్కలోకి తీసుకోని హెచ్చరిక శ్రోతను చేరదు.

4. బీడీలు చుట్టే స్త్రీ, పిచికారీ చేసే కూలీ వంటి శ్రోతలు హెచ్చరిక పాఠాలకు వెలుపల ఉండిపోతున్నారు.

5. భయానికి తగిన ఉపాయం, ఉపాయానికి తగిన వేతన భరోసా కలిసినప్పుడే హెచ్చరిక సంపూర్ణ వాక్యమవుతుంది.

తెలుగు శాఖల్లో కార్యాలయ భాష, ప్రకటనల భాష, అనువాదం పాఠ్యాంశాలుగా ఉన్నాయి. హెచ్చరిక రచనకు కూడా అక్కడ చోటు కల్పించవచ్చు. ఒక బోర్డును విద్యార్థి ముందుంచి ‘ఇందులో కర్త ఎవరు?’ అని అడగడం వ్యాకరణ అభ్యాసమే. క్వారీ దగ్గరో, మిరపచేలోనో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వ్యాకరణంతో ఆగిపోదు.